ఏ పేజీ తెరిచి చూపించాలి?

ఈ సంకలనానికి వ్యాసం అడిగినప్పుడు సంపాదకులు దానితోపాటు ఒక ప్రశ్న కూడా అడిగారు. "మీరు నలుగురు కలిసి కథలు రాశారు. మీలో ముస్లింలు ఇద్దరే. వ్యాసం ఎవరి పేరున వేయాలి?" ప్రశ్నలో తప్పేం లేదు. ముస్లింల మాట ముస్లింలే చెప్పుకోవాలన్న పట్టుదల లేకపోతే ఇలాంటి పుస్తకాలే ఉండేవి కావు. చాలాకాలం తెలుగు కథలో సాయిబంటే అత్తరు అమ్మేవాడు, జట్కా తోలేవాడు, వచ్చీరాని తెలుగులో రెండు ముక్కలు మాట్లాడి నవ్వించి పోయేవాడు. మరీ మంచివాడైతే చివరి పేజీలో హిందూ స్నేహితుడి కోసం ప్రాణం ఇచ్చేవాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా', ఆ తర్వాత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 2004లో ముస్లిం కథలన్నీ ఒకచోట చేర్చిన 'వతన్' - ఇవన్నీ వచ్చాక గానీ సాయిబు తన నోటితో తాను మాట్లాడుతున్నాడని తెలుగు పాఠకుడు గుర్తుపట్టలేదు. అంత కష్టపడి తెచ్చుకున్న నోరు అది. దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరితో పంచుకుంటామంటే అనుమానం రావటం సహజం.

జవాబు రెండు రోజుల్లో చెబుతామన్నాం. చెప్పబోతే ఇంత పొడుగైంది.

తెలుగువాళ్ళకు కలిసి రాయటం కొత్త కాదు. తిరుపతి వేంకట కవులని ఇద్దరి పేర్లు కలిపి ఒక్క పేరుగా పలకటం బడిలోనే అలవాటైంది మనకు. తిరుపతి శాస్త్రి పోయిన తర్వాత కూడా చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి తానొక్కరే రాసినవాటిని జంట పేరు మీదే వేసుకున్నారు. ఆ స్నేహాన్ని లోకం మెచ్చుకుంది గానీ, ఈ పద్యం మీలో ఎవరిది, ఆ అనుభవం ఎవరిది అని నిలదీయలేదు. ఎందుకు నిలదీస్తుంది? ఇద్దరూ బ్రాహ్మణులే, ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళ 'మేము'కు ఎక్కడా కుట్టు కనపడదు. మా నరసరావుపేటకే వస్తే, 1944లో కుందుర్తి ఆంజనేయులు, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం ముగ్గురు కుర్రాళ్ళు కలిసి 'నయాగరా' తెచ్చారు. వాళ్ళని కలిపింది ఒక రాజకీయం, ఒక కొత్త కవిత్వం. మమ్మల్ని కలిపింది అంత పెద్దదేం కాదు. ఒకే బడి, ఒకే రైలు. మా 'మేము'కు ముందు కుట్లే కనపడతాయి.

శావల్యాపురం గుంటూరు నుంచి నంద్యాల పోయే దారిలో, నరసరావుపేట దాటాక వినుకొండకు ముందు వచ్చే స్టేషను. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న కొత్త లైను కూడా అక్కడికే వచ్చి కలిసింది. 2022లో పల్నాడు జిల్లా అయ్యాక మా కాగితాల మీద గుంటూరు పేరు పోయింది, అంతే. మిరప, పత్తి, సాగర్ కుడికాలువ నీళ్ళు వస్తే వరి. మాలో ఒకరు టీచరు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే షేకుల ఆడపిల్ల. మేమంతా ఆపా అంటాం. ఒకడు దూదేకుల కుర్రాడు, వాళ్ళింట్లో మూడు తరాలుగా తెలుగే. ఒకడిది మాదిగపల్లె. ఒకడు ఊళ్ళో పొలమూ పలుకుబడీ ఉన్న ఇంటివాడు. ఏడు కథలు రాశాం. ఒకళ్ళు చెప్పేవాళ్ళు, ఒకళ్ళు రాసేవాళ్ళు, మిగతా ఇద్దరూ కొట్టేసేవాళ్ళు. కాలువ గట్టు మీద కూర్చుని ఒక వాక్యం కోసం చీకటి పడేదాకా పోట్లాడుకున్న రోజులున్నాయి. చివరికి ఏ వాక్యం ఎవరిదో మాకే గుర్తు లేకుండా పోయింది. 1957 కాపీరైటు చట్టం ఉమ్మడి రచనంటే సరిగ్గా ఇదే అంటుంది - ఒకరి వంతును ఇంకొకరి వంతు నుంచి విడదీయలేనిది. ఆ హక్కు నలుగురిలో ఆఖరున పోయినవాళ్ళ చావు తర్వాత 60 ఏళ్ళు నిలుస్తుందట. అది చదివి, ఆఖరున ఎవరు మిగులుతారని ఒక సాయంత్రమంతా పందేలు కాసుకున్నాం. ఆపాకే ఎక్కువ పడ్డాయి.

పుస్తకం పేరు ఇక్కడ చెప్పం. చెబితే ఈ వ్యాసం కూడా ప్రచారమైపోతుంది.

అచ్చు ఖర్చు పెద్ద కథేం కాదు. నలుగురం తలా కొంత వేసుకున్నాం, నరసరావుపేటలో 500 ప్రతులు వేయించాం, వెల వంద రూపాయలు పెట్టాం. తెలుగులో కథల పుస్తకం చాలావరకు ఇలాగే వస్తుంది. రచయితే ప్రచురణకర్త, రచయిత ఇల్లే దుకాణం. వెనక అట్ట మీద 'ప్రతులకు' అని ఉన్నచోట కనపడేది వాళ్ళింటి అడ్రసే. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. పడాల్సింది వేరేచోట ఉంది. అక్కడికి పోయేముందు ఒక పేరా సంగతి చెప్పాలి.

మా కథల్లో ఒకటి పరుపులు కుట్టే ముసలాయన కథ. మా దూదేకుల తమ్ముడికి తాత వరస. భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకిన మనిషి. ఏకే మిషన్లు వచ్చాక విల్లు అటక ఎక్కింది. ఫోమ్ పరుపులు వచ్చాక మిషన్లకే పని లేకుండా పోయింది. ఇదంతా రాయటానికి ఇబ్బంది లేదు. ఇలాంటి కథలంటే అందరికీ ఇష్టం. చేతివృత్తి పోయిందని అందరం కలిసి బాధపడొచ్చు. కానీ తాత మాకు చెప్పింది అది కాదు. మసీదులో తన భుజానికి భుజం ఆనించి నిలబడ్డ మనిషే, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుండగా పిల్ల సంబంధం మాటెత్తితే, "మీది దూదేకుల గదా" అని నవ్వాడట. నలభై ఏళ్ళ కిందటి మాట. విల్లు అటకెక్కిన సంగతి తాత నవ్వుతూ చెప్పాడు. ఈ మాట చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఆ పేరా రాసేశాం. ఆపా వద్దంది.

ఆమె వాదన తేలికైంది కాదు. "మనలో మనకు తేడాలున్నాయని నాకు తెలియదా? మా ఇంట్లోనే విన్నా. కానీ ఈ పుస్తకం మీద ఇద్దరు హిందువుల పేర్లుంటాయి. రేపు ఈ పేరా ఒక్కటే కత్తిరించి, చూశారా వీళ్ళలోనూ కులముంది, మళ్ళీ సమానత్వమంటారు అని చూపిస్తారు. అప్పుడు వీధిలో జవాబు చెప్పాల్సింది మీరెవరూ కాదు. బురఖా వేసుకుని బస్సెక్కేది నేను. 2007లో హైదరాబాదులో బాంబులు పేలినప్పుడు స్టాఫ్ రూములో నా మొహాన చూసినట్టు మీ మొహాన ఎవరూ చూడలేదు."

మా తమ్ముడు ఒక్కటే మాటన్నాడు. "ఆపా, మీ ఇజ్జత్ కోసం మా తాత నోరు మూసుకోవాలా?"

ఇద్దరూ ముస్లింలే. ఇద్దరిదీ గాయమే. ఎవరి బాధ వాళ్ళే రాయాలని 1990ల్లో స్త్రీవాదులూ దళితవాదులూ గట్టిగా చెప్పారు. 'నీలిమేఘాలు' వచ్చిన 1993లో, 'చిక్కనవుతున్న పాట' వచ్చిన 1995లో అది చెప్పాల్సిన మాట. చెప్పకపోతే మైకు ఎన్నటికీ చేతులు మారేది కాదు. కానీ ఆ సూత్రం మా కాలువ గట్టు మీదికొచ్చేసరికి ఆగిపోయింది. తాత బాధ తాతదే, సరే. ఆ బాధ అచ్చయితే పడే దెబ్బ ఎవరిది? బాధపడ్డవాళ్ళొకరు, దెబ్బ కాసుకోవాల్సినవాళ్ళొకరు అయినప్పుడు ఆ పేరా ఎవరిదవుతుంది?

ఈ ప్రశ్న మాకంటే చాలాముందు లక్నోలో నలుగురు స్నేహితులకు ఎదురైంది. 1932 డిసెంబరులో సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాఁ, మహమూదుజ్జఫర్ కలిసి ఉర్దూలో 'అంగారే' తెచ్చారు. తొమ్మిది కథలు, ఒక నాటిక. వేసింది ఎవరో పెద్ద ప్రచురణకర్త కాదు, సజ్జాద్ జహీరే. నలుగురూ చదువుకున్న కుటుంబాల పిల్లలు. సొంత ఇంటి లోపలి సంగతులే రాశారు - మతం పేరు చెప్పి నడిచే బూటకం, పరదా వెనక ఆడవాళ్ళ బతుకు, తీరని కోరికలు. మతపెద్దలు మండిపడ్డారు. 1933 మార్చిలో యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వం 295-ఎ కింద నిషేధించింది. సొంత వాళ్ళను వాళ్ళే విమర్శించుకుంటే, ఆ తగువు తీర్చే కుర్చీలో తెల్లదొర కూర్చున్నాడు. ఆపా భయం సరిగ్గా ఇదే. ఇంటి మాట బయటికి పోతే తీర్పు చెప్పేది బయటివాడు.

'అంగారే'లో మాకు ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. సజ్జాద్ జహీర్‌వి అయిదు కథలు, అహ్మద్ అలీవి రెండు, మహమూదుజ్జఫర్‌ది ఒకటి. రషీద్ జహాఁది ఒక చిన్న కథ, ఒక నాటిక. ఆ కథ కూడా ఏముంది - దిల్లీ చూపిస్తానని తీసుకొచ్చిన మొగుడు స్టేషనులో సామాను దగ్గర కూర్చోబెట్టి తన స్నేహితుడితో వెళ్ళిపోతే, బురఖాలో కూర్చుని ప్లాట్‌ఫారం చూసిన ఆడమనిషి మాటలు. మతాన్ని తిట్టింది లేదు. అయినా ముఖం పాడుచేస్తామన్న బెదిరింపులు ఆమెకొచ్చాయి. 'అంగారేవాలీ' అని ఆమెకే పేరు పడింది. మిగతా ముగ్గురిని ఎవరూ 'అంగారేవాలా' అని పిలిచినట్టు లేదు. ఎవరి కథ కింద వాళ్ళ పేరు విడిగా ఉన్నా, రాయి మాత్రం లెక్క చూసుకుని పడలేదు. నలుగురిలో ఎవరిమీద వేయటం సులభమో చూసుకుని పడింది. 1933 ఏప్రిల్లో అలహాబాదు 'లీడర్' పత్రికలో మహమూదుజ్జఫర్ పేరున వాళ్ళొక ప్రకటన ఇచ్చారు. క్షమాపణ చెప్పం, పుస్తకాన్ని దాని ఖర్మానికి వదిలేస్తాం, కానీ రాసి వేసుకునే హక్కును కాపాడుకుంటాం అన్నది దాని సారం. ఆ నలుగురి స్నేహం తర్వాత తర్వాత రకరకాలుగా విడిపోయింది. అది వేరే సంగతి.

ఇది చదివాక మాకు పేర్ల సంగతి తేటపడింది. అట్ట మీద పేరును మనం ఎప్పుడూ కీర్తిగానే చూస్తాం. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు పెద్దక్షరాల్లో అని కొట్టుకుంటాం. ప్రభుత్వం మాత్రం పేరును అలా చూడలేదు. 1857 తర్వాత పదేళ్ళకు, 1867లో తెచ్చిన చట్టం ప్రతి పుస్తకం మీదా అచ్చువేసినవాడి పేరు, ఊరు, ప్రచురించినవాడి పేరు, ఊరు ఉండాలంది. రచయిత పేరు ఉండాలని అక్కడ అనలేదు. సాహిత్యం మీద ప్రేమతో చేసిన చట్టం కాదు గదా. పట్టుకోవాల్సి వస్తే ఎవరి ఇంటికి పోవాలి అన్నదే దాని గొడవ. ఒకటిన్నర శతాబ్దం పైన నడిచింది అది. 2024 మార్చి నుంచి దాని చోట పత్రికల రిజిస్ట్రేషనుకు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, పుస్తకాలను అందులో చేర్చలేదు. చట్టం పోయినా ఆ దృష్టి మాకు పనికొచ్చింది. పేరంటే జవాబు చెప్పే చోటు.

అయితే పేర్లే లేకుండా వేస్తే? మాలో ఒకడు ఆ మాటా అన్నాడు. శివరాత్రికి కోటప్పకొండ పోయే ప్రభలు చూడండి. అంతెత్తు ప్రభ కట్టినవాళ్ళు ఎందరో ఉంటారు. దాని మీద ఊరి పేరే గానీ బొంగు కోసినవాడి పేరుండదు. ఇటలీలోనూ నలుగురు కుర్రాళ్ళు లూథర్ బ్లిసెట్ అనే ఉమ్మడి పేరుతో 1999లో 'క్యూ' అనే నవల రాశారు. తర్వాత వూ మింగ్ అని చీనా మాట పెట్టుకున్నారు, దానికి అర్థమే పేరులేనివాళ్ళని. వ్యాపారం కోసం కాకపోతే ఎవరైనా అచ్చువేసుకోవచ్చని పుస్తకంలోనే రాశారు. బాగుంది. కానీ పేరు వదులుకోవటం తిరుగుబాటయ్యేది పేరువల్ల ఇబ్బంది పడనివాళ్ళకు. ఇల్లు అద్దెకు అడిగితే ముందు పేరడిగి తర్వాత ఖాళీ లేదనిపించుకునేవాళ్ళకు పేరు దాచటం తిరుగుబాటు కాదు, రోజూ చేసే పనే. గుంటూరులో పుట్టిన షేక్ ఖాజా హుస్సేన్ తెలుగువాళ్ళకు దేవిప్రియగానే తెలుసు. 2017లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చుకున్న కవి. ఆ పేరు ఆయన ఇష్టం, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ షేక్ అనే మాట అట్ట మీద కనపడటం ఒక తరానికి మామూలు విషయం కాలేదు. ఇప్పుడు కనపడుతుంటే దాన్ని చెరిపి 'పేరులేనివాళ్ళం' అనటం మాకు నచ్చలేదు. ప్రభ మీద ఎవరికీ కోపం రాదు, దానికి జవాబు చెప్పేవాడు అక్కర్లేదు. కథకు కావాలి.

మా పల్నాడులో కలిసి తినటానికి చాపకూడు అనే పేరుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని తరతరాలుగా చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు చాప పరిచినవాడి పేరు ముందొస్తుంది. దానిమీద కూర్చున్నవాళ్ళలో కన్నమదాసు లాంటి పేర్లు ఒకటీ అరా మిగిలాయి. కలిసి రాసే పుస్తకాల్లోనూ ఈ ప్రమాదం ఉంది. ముస్లిం కథలో ఒక హిందూ పేరు చేరగానే, అయ్యో ఎంత ఉదారుడు అని మెచ్చుకోలు అటు పోతుంది. కథ ఎవరి బతుకు మీద నిలబడిందో వాళ్ళు మళ్ళీ అతిథులవుతారు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏడు కథల కిందా నలుగురి పేర్లూ ఉంటాయి. మాట పడాల్సి వస్తే నలుగురం పడతాం. నాది కాదు అని ఎవరూ తప్పుకోవటానికి లేదు. కానీ మెచ్చుకునేచోటికి అందరం పోం. ముస్లిం సాహిత్య సభకు పిలుపు వస్తే ఆపా, తమ్ముడు పోతారు. వెలివాడ కథ మీద మాట్లాడమంటే మాదిగపల్లె మిత్రుడు పోతాడు. నిందలో వాటా సమానం, గుర్తింపులో వాటా సమానం కాదు. "మరి నేనెక్కడికి పోవాలి మామా?" అని అడిగాడు పొలమున్న ఇంటివాడు. పుస్తకాల పెట్టె మొయ్యమన్నాం. మోశాడు. హాస్యానికి చెబుతున్నాం గానీ వాడికీ ఖర్చయింది. కౌలు ఇవ్వటానికి, ఇల్లు ఇవ్వటానికి పేరు చూసే పెద్దమనిషి మా కథల్లో ఒకాయన ఉన్నాడు. అది ఎవరో వాడింట్లోవాళ్ళు ఇట్టే పోల్చుకున్నారు. నెలరోజులు వాడికి అన్నం పెట్టిన చెయ్యి మాట్లాడలేదు.

ఇది దొంగ ఉదారత కాదా, హిందూ స్నేహితులు ముస్లిం కథకు కాపలా కాయటమే గదా అని మీరనొచ్చు. కాపలా కాసేవాడు గుమ్మం బయట నిలబడతాడు, లోపల ఏముందో వాడికి అనవసరం. వీళ్ళు ఆ పేరా రాయాలా వద్దా అన్న తగువులో ఉన్నారు, ఓడిపోయారు కూడా. మాదిగపల్లె మిత్రుడు ఆపా పక్షాన మాట్లాడాడని చెబితే ఆశ్చర్యపోతారు. "మా మాల మాదిగ తగువు బయటివాళ్ళ చేతిలో ఎంత ముచ్చటగా ఆడిందో చూశాం" అన్నాడు.

ఇక అమ్మకం.

సొంత పుస్తకం సొంతంగా అమ్ముకోవటమంటే తెలుగు రచయితకు చచ్చేంత నామోషీ. చేతిలో సంచీతో కనపడితే అంటగడతాడేమోనని పక్కకు తప్పుకునే సాహిత్యాభిమానులూ ఉన్నారు. మాకు ఈ విషయంలో తాతే గురువు. వీధిలో నడుస్తూ "పరుపులు కుడతాం, దూది ఏకుతాం" అని ఆయన కేక వేస్తుంటే సొంత డబ్బా కొట్టుకుంటున్నాడని ఎవరూ అనలేదు. పాత దూది ఏకి కొత్త దూదని చెబితే తప్పు. గలీబు లోపల చింకిపాతలు కూరి పైన నాలుగు వేళ్ళ మందం తెల్లదూది పరిస్తే తప్పు. కేక తప్పు కాదు. ఈ లెక్కన కొన్ని పనులు మానుకున్నాం. మా స్నేహితుడొకరు పత్రికకు సమీక్ష రాస్తానన్నాడు. మా స్నేహితుడినని అందులోనే రాస్తే రాయమన్నాం. రాయలేదు. పేరున్నవాళ్ళ ముందుమాట వద్దనుకున్నాం. ముస్లిం పుస్తకానికి పెద్దమనిషి ముందుమాటంటే బ్యాంకు అప్పుకు హామీ సంతకంలా ఉంటుంది - వీళ్ళు మంచివాళ్ళే, నాకు తెలుసు అని.

కానీ అసలు చిక్కు కేకలో లేదు, పేజీలో ఉంది. పుస్తకం చేతికిచ్చేటప్పుడు మనం ఊరికే ఇవ్వం. ఒక పేజీ తెరిచి ఇస్తాం. ఎదుటి మనిషిని చూసి ఏ పేజీ తెరవాలో వేళ్ళకే తెలిసిపోతుంది. నరసరావుపేటలో నలుగురు అభ్యుదయవాదులు కూర్చున్నచోట తాత పేరా తెరిస్తే పుస్తకం అమ్ముడవుతుంది. బస్తీలో మసీదు పక్క టీకొట్టు దగ్గర ఇల్లు అద్దెకు దొరకని కథ తెరిస్తే అమ్ముడవుతుంది. ఎవరికి వాళ్ళ పక్కింటివాడి తప్పు చూపిస్తే అందరూ కొంటారు. పుస్తకంలో ఒక్క అబద్ధం లేకపోయినా ఈ పద్ధతిలో అమ్మితే అది రెండు అబద్ధాల పుస్తకం అవుతుంది. రాసేటప్పుడు పడ్డ జాగ్రత్తంతా అమ్మేటప్పుడు ఒక్క వేలితో పోగొట్టుకోవచ్చు.

ఆపా ఆ పేరాకు ఒప్పుకుంది ఇక్కడే, ఒక షరతు మీద. "నేను లేనిచోట ఆ పేజీ తెరవొద్దు. నేనుండగా తెరవండి. ఎవడేమంటాడో నేను వింటాను, నేనే జవాబు చెబుతాను." అదే అందరికీ వర్తింపజేశాం. ఏ కథ ఎవరికి ముల్లులా గుచ్చుకుంటుందో వాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడే ఆ కథ చదవాలి. వెలివాడ కథ ఊళ్ళో చదవాలి. అద్దె ఇంటి కథ ఇళ్ళున్నవాళ్ళ మధ్య చదవాలి. తాత పేరా బస్తీలో చదవాలి.

నరసరావుపేటలో ఒకాయన ఆ పేరా సంగతి ఎవరి ద్వారానో విని వచ్చాడు. "మీ వాళ్ళలోనూ కులం ఉందని మీరే రాశారు, చాలా ధైర్యం" అని పది ప్రతులు ఇవ్వమన్నాడు. మాకు వెయ్యి రూపాయలు. ఆపా డబ్బు ముట్టుకోకుండా, ముందు ఇది చదవండి అని అద్దె ఇంటి కథ తెరిచి ఇచ్చింది. నిలబడే చదివాడు. చదివి రెండు తీసుకుని ఎనిమిది వెనక్కిచ్చాడు. ఆ రెండూ కొన్నందుకు ఆయనమీద మాకు ఇప్పటికీ గౌరవమే.

బస్తీలో ఒక పెద్దాయన తాత పేరా అంతా విన్నాడు. కోప్పడలేదు. "బేటా, ఈ మాట మనలో మనం చెప్పుకోవచ్చుగా, అచ్చులో ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. మా దగ్గర అరిగిపోయిన జవాబులు చాలా ఉన్నాయి - సాహిత్యం అద్దం లాంటిది, దాచిన పుండు మానదు - అవేవీ అక్కడ నోటికి రాలేదు. ఆపా ఉర్దూలోనే చెప్పింది. మనలో మనం చెప్పుకోవటానికి ఆయన్ని మనం 'మనలో' ఎప్పుడు కలుపుకున్నాం చచా అని. పెద్దాయన టీ తాగి వెళ్ళిపోయాడు. పుస్తకం కొనలేదు. ఆ సాయంత్రం ఎవరూ కొనలేదు.

ఈ పద్ధతిలో పుస్తకాలు తక్కువ అమ్ముడవుతాయని వేరే చెప్పక్కర్లేదు. 500లో ఇంకా 140 దాకా మా మంచాల కిందే ఉన్నాయి. పంచిపెట్టినవి కొన్ని, డబ్బు తర్వాత ఇస్తామని తీసుకున్నవి కొన్ని. ఈ ఏర్పాటు అందరికీ పనికొస్తుందని కూడా అనం. నలుగురు ఒకే మండలంలో ఉండి, ఒకే రైల్లో తిరుగుతూ, సాయంత్రానికి ఒకచోట చేరగలిగితేనే ఆ షరతు నిలబడుతుంది. పుస్తకానికి కాళ్ళున్నాయి, అది మా వెంట తిరగదు. మేమెవరమూ లేనిచోట ఎవరో ఏదో పేజీ తెరుస్తూనే ఉంటారు. ఆపాకు అది తెలుసు. తెలిసే పేరు పెట్టింది. ఆ పేరా ఉండకూడదనే ఇవాళ్టికీ అంటుంది.

సంపాదకులకు మా జవాబు ఇది. నలుగురి పేర్లూ వేయండి, ఇద్దరివి ముందు, ఇద్దరివి తర్వాత. సభ పెడితే ముందున్న ఇద్దరినే పిలవండి. ఉత్తరాల్లో తిట్లు వస్తే నలుగురికీ పంపండి.

తాతకు పుస్తకం ఇవ్వటానికి నలుగురం కలిసే వెళ్ళాం. ఆయనకు చదువు రాదు. అచ్చు వేయకముందే ఆ కథంతా చదివి వినిపించాం, ఒక్కచోట ఒక మాట మార్చమంటే మార్చాం. పుస్తకం అటూ ఇటూ తిప్పి, అంచు మీద బొటనవేలితో రాసి చూశాడు, దూది పొట్టి పీచో పొడుగు పీచో చూసినట్టు. తర్వాత ఇంకొక ప్రతి కావాలన్నాడు. ఎవరికి తాతా అంటే చెప్పులు వేసుకుంటూ నవ్విన మనిషి పోయాడుగానీ కొడుకున్నాడన్నాడు. జుమ్మా రోజు నేనే ఇస్తాను, ఆ మాట ఉన్న కాగితం మడిచిపెట్టండి అన్నాడు.

మేం ఆపా వైపు చూశాం. ఆ శుక్రవారం ఆమెకు బడి ఉంది, మసీదు గుమ్మం దగ్గరికి ఆమె పోయేదీ లేదు. మాలో ఎవరమూ అక్కడ ఉండం.

పుస్తకం తీసుకుని పేజీ వెతికి తానే మడిచింది. "ఆయన ఉంటాడుగా అక్కడ" అంది.